పెట్రోలు దాస్యము

పెట్రోలు ధర పెరిగినదన్న వార్త వచ్చినప్పుడెల్ల మన పట్టణములలో ఒక్కటే తంతు జరుగును. ముందటి రాత్రి బంకుల యొద్ద బండ్లు బారులు తీరును. మరునాడు కాఫీ హోటళ్లలోను, కోర్టు వరండాలలోను, పఠనమందిరములలోను ప్రభుత్వదూషణము సాగును. ప్రతిపక్షమువారు ఎడ్లబండి నెక్కి ఊరేగి, పత్రికలవారికి ఛాయాచిత్రము లిచ్చి, కార్లలో ఇండ్లకు మరలుదురు. వారము గడచులోపల అందరును క్రొత్త ధరకు అలవాటు పడుదురు. ఎన్నో యేండ్లుగా ఈ నాటకమును చూచుచున్నాము. నాటకము మారదు, ఎన్నికల ననుసరించి పాత్రధారులు మాత్రము వేషములు మార్చుకొందురు.

ప్రజల ఆక్రందనము న్యాయమైనదే. కాని వారు కోరుచున్న కోరిక సరియైనది కాదు. "పెట్రోలు ధర తగ్గింపుడు" అని కేకలు వేయుచున్నాము. "పెట్రోలు కొనకుండ పనికి పోవు దారి చూపుడు" అని అడుగుట మరచితిమి. మొదటిది యాచన, దాత ఇష్టము వచ్చినప్పుడు ఇచ్చును, ఇష్టము లేనప్పుడు తీసికొనును. రెండవది పన్ను చెల్లించు పౌరుని హక్కు. ఈ భేదమును గుర్తింపనంత కాలము మన కేకలు వృథా యని మా అభిప్రాయము.

మొదట ధర సంగతి చూతము. 2010 జూనులో పెట్రోలు ధరను, 2014 అక్టోబరులో డీసెలు ధరను ప్రభుత్వము తన చేతినుండి విడిచి బజారునకు అప్పగించినట్లు ప్రకటించినది. 2017 జూను 16వ తేదీనుండి దేశమంతటను ధర ప్రతిదినము సవరింపబడునని చెప్పినది. మంచిది, బజారు హెచ్చినప్పుడు హెచ్చవలయును, తగ్గినప్పుడు తగ్గవలయును. జరిగిన దేమి? 2020లో కరోనావ్యాధి ప్రబలి ప్రపంచమెల్ల ఇండ్లలో మూలుగుచుండగా చమురు కొనువాడు లేకపోయెను. ఏప్రిల్ 20వ తేదీన అమెరికా బజారులో ముందటి నెల బేరము సున్నకు దిగువకు పోయినది. ఆ చౌక మన యింటికి చేరినదా? మార్చిలో లీటరుకు రూ. 3, మే నెలలో రూ. 10 కేంద్రసుంకము పెంచి ఆ తగ్గుదలను దారిలోనే మ్రింగివేసిరి. 2014 ఏప్రిల్‌లో లీటరు పెట్రోలుపై రూ. 9.48 గా ఉన్న సుంకము 2020 మే నాటికి రూ. 32.98 అయినది. పిమ్మట 2021 నవంబరులో రూ. 5, 2022 మేలో రూ. 8 తగ్గించి, ఆ తగ్గింపును మహాదానముగా చాటింపు వేసిరి. ఎక్కువ తీసికొని తక్కువ విడిచిన వానికి కూడ మనము దండలు వేయుదుమని వారికి తెలియును.

ఇంకొక విచిత్రము. 2021 నవంబరు మొదలు 2022 మార్చి మూడవ వారము వరకు, అయిదు రాష్ట్రముల శాసనసభల ఎన్నికల కాలమున, ప్రతిదినము మారవలసిన ఈ ధర 137 దినములు చలింపలేదు. ఫలితములు వెలువడిన తరువాత 16 దినములలో లీటరుకు రూ. 10 పెరిగినది. 2024 మార్చి 15వ తేదీన రూ. 2 తగ్గినది; మరునాడే లోకసభ ఎన్నికల తేదీలు ప్రకటింపబడినవి. ఇది బజారు నడిపిన ధరయో, ఎన్నికల పంచాంగము నడిపిన ధరయో పాఠకులే నిర్ణయింతురు గాక.

రాష్ట్రప్రభుత్వములును తక్కువ తినలేదు. 2024 నాటికి ఆంధ్రప్రదేశమున పెట్రోలుపై నూటికి 31 వంతుల అమ్మకపు పన్ను, దానిపై లీటరుకు మరి రూ. 4, రోడ్ల పేర ఇంకొక రూపాయి. తెలంగాణమున నూటికి 35.20 వంతులు. 2017 జూలైలో వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు పెట్రోలును దానిలో చేర్చకుండుటకు ఢిల్లీయు, రాష్ట్రములును ఏకమైనవి. తక్కిన విషయములలో కత్తులు దూసుకొనువారు ఈ యొక్క విషయమున అన్నదమ్ములు. ఈ యన్నదమ్ములలోను పెద్దవాడు తమ్ముని వంచింపకపోలేదు. రాజ్యాంగము 270వ అధికరణము ప్రకారము కేంద్రము వసూలు చేయు పన్నులలో రాష్ట్రములకు భాగము కలదు. సెస్సులలోను, సర్‌చార్జీలలోను లేదు. 2021 బడ్జెటు పిమ్మట లీటరుకు వసూలైన రూ. 32.90 లలో రాష్ట్రములతో పంచుకొనదగిన మూలసుంకము రూ. 1.40 మాత్రమే. మిగిలినదంతయు సెస్సులును, ప్రత్యేకసుంకములును. పన్ను పేరు మార్చిన వాటా ఎగవేయవచ్చునన్న యుక్తి సామాన్యమైన వకీలునకు తోచునది కాదు!

ఇవి పెద్దవారి లెక్కలు. ఇక చిన్నవాని లెక్క వినుడు. మా కోర్టులో ఒక గుమాస్తా కలడు. పట్టణమునకు 15 కిలోమీటర్ల దూరమున గ్రామములో కాపురము. జీతము నెలకు రూ. 15,000. ఒకప్పుడు ఉదయము తొమ్మిది గంటలకు ఆ యూరినుండి బస్సు వచ్చెడిది. ఆదాయము చాలదని దానిని మాన్పించిరి. అతడు అప్పు చేసి మోటారుసైకిలు కొనెను. రోజునకు 30 కిలోమీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్లు నడచునను కొనుడు. లీటరు రూ. 108 చొప్పున దినమునకు రూ. 72, నెలలో 25 దినములకు రూ. 1,800. అందులో రమారమి రూ. 800 పన్నే. నీకు ఆదాయపు పన్ను కట్టదగిన ఆదాయము లేదని చట్టము ఎవనిని మన్నించినదో, వాని జేబునుండియే పెట్రోలు గొట్టము ద్వారా నెలకు రూ. 800 లాగుకొనుచున్నారు. బస్సు మాన్పించినవారును వారే, బండి కొనక తప్పని స్థితి కల్పించినవారును వారే, ఆ బండి త్రాగు చమురుపై పన్ను వేసినవారును వారే. కంచె చేను మేయుట యన్న ఇది కాక మరేమి?

1930లో మహాత్ముడు ఇన్ని పన్నులుండగా ఉప్పు పన్నునే ఏల యెంచుకొనెను? ధనికుడును దరిద్రుడును విడువలేని వస్తువుపై వేసిన పన్ను బరువు దరిద్రుని వీపుననే పడునని గదా! ఆనాడు పెట్రోలు దొరల విలాసవస్తువు. నేడు గుమాస్తాకు, తాపీమేస్త్రీకి, కూరగాయలు మోటారుసైకిలుపై అమ్మువానికి అది ఉప్పువంటిదైనది. మన ప్రభుత్వములు దానిని ఇంకను విలాసవస్తువు వలెనే చూచుచున్నవి.

అయినచో పన్ను తీసివేసిన మన కష్టము తీరునా? తీరదు. దేశములో వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు మించి విదేశములనుండి వచ్చునదే. విశాఖపట్టణమున 1957 నుండి శుద్ధి కర్మాగారము కలదు. కాని దానికి కావలసిన చమురు ఓడలలో రావలయును. కృష్ణా గోదావరి తీరమున సముద్రగర్భమునుండి వాయువును, 2024 జనవరి నుండి మరియొక లోతైన క్షేత్రమున చమురును తీయుచున్నారు, సంతోషమే. కాని దేశపు దాహమునకు అది ఉగ్గుగిన్నెడు. 1973లో అరబ్బులు చమురు బిగించిరి. 1990లో ఇరాకు కువైటును ఆక్రమించినది. 2008 జూలైలో బారెలు 147 డాలర్లకు ఎక్కినది. 2022లో రష్యా ఉక్రెయినుపై దండెత్తినది. ప్రతి పర్యాయమును ఎక్కడనో తుపాకి ప్రేలినది, ఇక్కడ మన గుమాస్తా యింట పాలు తగ్గినవి. పన్ను తగ్గించిన ఈ బంధము తెగునా? తెగదు సరిగదా, చౌకయని మరి నాలుగు బండ్లు కొని దానిని ఇంకను బిగించుకొందుము.

రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలునకు రేషను పెట్టినప్పుడు మన బస్సుల వెనుక బొగ్గు పొయ్యిలు కట్టి నడిపిరి. ఆ బొగ్గుబస్సుల ముచ్చట్లు మన తాతలు నవ్వుచు చెప్పెడివారు. వారు నవ్వగలిగిరి, ఏలయన, బస్సు ఆగినను ఊరు ఆగలేదు. పనివాడు నడచి పోయెను, సైకిలు త్రొక్కెను, డెల్టాలో పడవ యెక్కెను. కాటన్ దొరనాటి కాలువలు సేద్యమునకే కాక ప్రయాణమునకును పనికి వచ్చెడివి. ఏలూరు కాలువ కృష్ణను గోదావరితో కలిపినది. నేడు పది దినములు చమురోడలు రాకున్న మన పట్టణముల గతి యేమి? పాలు రావు, బడి తెరవదు, రోగి ఆసుపత్రికి చేరడు. తాతలకు పెట్రోలు సాధనము; మనకు అది యజమాని.

ఈ దాస్యమును మన మీద ఎవరును బలవంతముగా రుద్దలేదు. మనమే కోరి తెచ్చుకొంటిమి. 2011 జనాభా లెక్కలలో, వ్యవసాయము, గృహపరిశ్రమలు కాక ఇతరవృత్తులలో ఉన్నవారు పనికి ఎట్లు పోవుదురని విచారించిరి. నడచి గాని, సైకిలుపై గాని పోవువారు నూటికి ఇంచుమించు 35 గురు. కారులో పోవువారు మువ్వురికి లోపు. అట్టి దేశములో మన పురపాలకసంఘములు ఎవరికొరకు రోడ్లు వేసినవి? ఆ మువ్వురికొరకు. రోడ్డు వెడల్పు చేయవలసి వచ్చినప్పుడెల్ల మొదట చెట్టు కొట్టిరి, పిమ్మట కాలిబాట త్రవ్విరి. మిగిలిన మూరెడు స్థలమున ట్రాన్స్‌ఫార్మరు నిలిపిరి. నడచువానిని రోడ్డు మీదికి త్రోసి, అడ్డము వచ్చెనని కసరుచున్నారు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. అందు నడచిపోవువారు దాదాపు అయిదింట ఒక వంతు. కాలిబాటపై నడచుట జీవించు హక్కులో భాగమని 2025 మేలో సుప్రీముకోర్టు చెప్పవలసి వచ్చినది. నడచుటకు న్యాయస్థానపు ఉత్తరువు కావలసిన దేశము ఇంతకు పూర్వము ఉండెనో లేదో మాకు సందేహము. వాహనములను గాక మనుష్యులను కదల్చుట ప్రధానమని 2006 జాతీయ పట్టణరవాణా విధానములోనే వ్రాసికొన్నారు. వ్రాసికొని బీరువాలో పెట్టినారు.

బస్సు సంగతి ఇంకను శోచనీయము. 1932లో నిజాము రాష్ట్రమున 27 బస్సులతో ప్రభుత్వరవాణా ఆరంభమైనది. 1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డురవాణాసంస్థ తరువాతి దశాబ్దములలో ప్రపంచములోనే పెద్ద బస్సుసంస్థగా గణనకెక్కినది. అంతటి సంపదను వారసత్వముగా పొందిన మనము దానికేమి చేసితిమి? డీసెలుపై పన్ను వేసితిమి. నష్టము వచ్చెనని నిందించితిమి. నష్టము వచ్చెనని సర్వీసులు తగ్గించితిమి. సర్వీసులు తగ్గినందున జనము రాలేదని మరల తగ్గించితిమి. పెక్కు జిల్లా పట్టణములలో సిటీబస్సు పేరు పిల్లలకు తెలియదు. ఏడుగురు పట్టు ఆటోలో పండ్రెండుగురు వ్రేలాడుచున్నారు.

"జనము బస్సు నెక్కరు, అందరికిని సొంత బండి కావలెను" అని అధికారులు వాదింతురు. ఈ వాదమునకు ఇటీవలనే జవాబు వచ్చినది. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణమున, 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశమున స్త్రీలకు బస్సు ప్రయాణము ఉచితమైనది. బస్సులు క్రిక్కిరిసినవి. కూలికి పోవు స్త్రీ, కాలేజీకి పోవు బాలిక, ఆసుపత్రికి పోవు ముసలమ్మ, అంతవరకు ఎక్కడ దాగియుండిరి? ఛార్జీ భరింపలేక ఇంటనే యుండిరి. జనము బస్సును కోరుటలేదనుట అబద్ధము. ప్రభుత్వమే జనము కోరినన్ని బస్సులు నడపుటలేదు. టిక్కెట్టు తీసివేసి బస్సులు పెంచకుండుట, అన్నము ఉచితమని బోర్డు కట్టి విస్తళ్లు పది వేయుటవంటిది. ఆటోవాని జీవనము పోయెనని విచారించువారు గలరు; ఆ విచారము సత్యమైనచో ఆటోలను బస్సుస్టాండునకును పేటలకును నడుమ అనుసంధానముగ నియమించి వానిని రక్షింపవచ్చును.

ఇక ప్రభుత్వము చూపు మందులు కొన్ని. ఒకటి ఎథనాలు. 2025 నాటికి పెట్రోలులో నూటికి 20 వంతులు ఎథనాలు కలిపితిమని గర్వించిరి. విదేశముల చమురు కొంత తగ్గుననుట నిజమే. కాని ఎథనాలునకు పెట్రోలుకంటె శక్తి మూడింట ఒక వంతు తక్కువ. బండి అంత దూరము పోదు. చెరకు, మొక్కజొన్న, బియ్యముకూడ అందులోనికి పోవుచున్నవి. మనుష్యుని పళ్లెమునకు, బండి ట్యాంకికి పోటీ పెట్టుట బుద్ధిమంతుల పని కాదు. రెండవది విద్యుద్వాహనము. ఇది మంచిదే, పొగ లేదు, ఖర్చు తక్కువ. కాని పెట్రోలు కారునకు బదులు కరెంటు కారు నిలిచిన రోడ్డు వెడల్పగునా? కాలిబాట తిరిగి వచ్చునా? పైగా దాని బ్యాటరీకి కావలసిన సరకు ఎక్కువగా విదేశములనుండియే రావలయును. కరెంటుతో నడచు బస్సును మొదట తెండు. కారు సంగతి పిమ్మట చూతము. మూడవది మెట్రో. 2017 నవంబరులో హైదరాబాదున తెరచిన మెట్రో 69 కిలోమీటర్లు సాగినది. దానిని నిందింపము. కాని స్టేషను దిగినవాడు ఇల్లు చేరుటకు బస్సును, బాటయు లేనిచో స్టేషనువరకు మరల మోటారుసైకిలే గదా! ఆ నగరముననే 2023 అక్టోబరులో బాహ్యవలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాటను సూర్యఫలకముల పందిరితో నిర్మించిరి. చూడ ముచ్చటగా నున్నది. కాని సైకిలుపై పనికి పోవు పేదవాడు పాతబస్తీలోను, పారిశ్రామికవాడలలోను తిరుగుచున్నాడు. అతనికి పందిరి లేదు, బాటయు లేదు. వ్యాయామమునకు సైకిలు త్రొక్కువానికి నీడ, బ్రతుకుటకు త్రొక్కువానికి ఎండ!

ఇట్టి సందర్భమున తెలుగువారు తమ చరిత్రనే తలచుకొనవలయును. ఒకప్పుడు చీరాల, పేరాల గ్రామములను కలిపి పురపాలకసంఘము పెట్టి పన్నులు పెంచిరి. పన్నునకు తగిన సౌకర్యము లేదు. ప్రజలు ఏమి చేసిరి? పన్ను తగ్గింపుమని కాళ్లు పట్టుకొనిరా? దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున, మహాత్ముని సలహా పొంది, వేలకొలది జనము ఊరినే విడిచి పొలిమేర బయట పాకలు వేసికొని, పదునొకండు మాసములు ఎండకు, వానకు, చలికి ఓర్చిరి. గోపాలకృష్ణయ్యగారు కారాగారమున నుండిరి. తుదకు జనము తిరిగి ఊరు చేరవలసివచ్చినది నిజమే. కాని పన్ను వేయువాడు దేనిపై ఆధారపడియున్నాడో దానిని విడుచుటయే ప్రజలకు మిగిలిన ఆయుధమని వారు దేశమునకు చూపిరి. చీరాలవారు ఇల్లు విడువగలిగిరి. మనము కూరగాయల బజారునకు బండి విడువలేమా?

కావున మా సూచన లివి. ప్రభుత్వములు పెట్రోలు, డీసెలు సుంకములనుండి లీటరుకు ఒక్కొక్క రూపాయినైనను చట్టముచే బస్సులకు కట్టివేయవలయును. ఆ సొమ్ము మరియొక పద్దునకు మరలకూడదు. ప్రతి జిల్లా పట్టణమునకు ఇరువది కిలోమీటర్ల లోపలి గ్రామములనుండి కచేరీ వేళకు ముందును, పిమ్మటను నమ్మదగిన బస్సు ఉండవలయును. బస్సులు వాడు డీసెలుపై రాష్ట్రపు పన్ను తీసివేయవలయును. పురపాలకసంఘములు క్రొత్త రోడ్డు వేయుటకు ముందు ఉన్న రోడ్డునకు కాలిబాట, చెట్ల నీడ ఈయవలయును. రైలుస్టేషనులోను, బస్సుస్టాండులోను సైకిలు పెట్టుకొను చోటు చూపవలయును. శాసనసభ్యులు నెలకొక్క దినము తమ నియోజకవర్గమున బస్సులో తిరుగవలయును. ఈ తుదిమాట నవ్వుటకు కాదు. ఆ యొక్క దినమునకు భయపడియైనను బస్సులు వేళకు వచ్చును.

ప్రజలు చేయవలసినదియు కలదు. రెండు కిలోమీటర్ల లోపలి పనికి బండి తీయమని నియమము పెట్టుకొనుడు. ఒకే వీధినుండి ఒకే కచేరీకి నలుగురు నాలుగు బండ్లపై పోవుట మానుడు. పిల్లవానికి పదునెనిమిదవ యేట మోటారుసైకిలు కొనిపెట్టుట తండ్రి ధర్మమన్న భ్రమ విడువుడు. బస్సు రద్దైన ప్రతి గ్రామమునందును ప్రయాణికులు సంఘముగ ఏర్పడి, తేదీలు, వేళలు వ్రాసి, సంతకములతో డిపోకు, కలెక్టరునకు అర్జీ పెట్టుడు. ప్రత్యుత్తరము రాకున్న సమాచారహక్కు చట్టము క్రింద అడుగుడు. ఒక్కని గోల గాలికి పోవును. నూరు సంతకముల కాగితము ఫైలులో నిలుచును.

ఎండయని కొందరు, వయసు మీరినదని కొందరు ఆక్షేపింతురు. వృద్ధుని, రోగిని, నిండుచూలాలిని నడువుమని ఎవరును చెప్పుటలేదు. వారికొరకే రోడ్డు ఖాళీ కావలయును. ఎండకు మందు చెట్టు. దానిని కొట్టినది మనమే. అసలు అడ్డంకి ఎండయు కాదు, వయసును కాదు, పరువు. బస్సులో వచ్చిన వకీలును కక్షిదారు తేలికగా చూచునని భయము. ఈ పంక్తులు వ్రాయువాడును నిన్నమొన్నటివరకు ఇంటికి కిలోమీటరున్నర దూరముననున్న కోర్టునకు కారులో పోయినవాడే. ఒకనాడు కారు చెడి నడచిపోయెను. దారిలో పూర్వపు కక్షిదారు లిద్దరు పలుకరించిరి. మురుగు పొంగిన చోటు రెండు కనబడెను. కోర్టు వేళ తప్పలేదు. నాటినుండి నడచుచునే యున్నాడు. కక్షిదారులు తగ్గలేదు.

పెట్రోలు ధర రేపు తగ్గవచ్చును. మరల ఎన్నికలు రానే వచ్చును. అప్పుడు ఈ వ్యాసమును మరచిపోవుదురని మాకు భయము. ధర పెరిగిననాడు కేకలు వేయుట సులభము. ధర తగ్గిననాడు బస్సు అడుగగలిగినవాడే ఈ దాస్యమునుండి బయటపడును. మా గుమాస్తా ఊరికి ఆ తొమ్మిది గంటల బస్సు తిరిగి వచ్చువరకు మేము అడుగుచునే యుందుము. పాఠకులు తమ తమ ఊళ్ల బస్సుల కొరకు అడుగుదురు గాక!